జపాన్ ఇంట్లో పది రోజులు: హోమ్‌స్టేకి వెళ్లే పిల్లలు ఏం చేయాలి, ఎలా చేయాలి

పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజు నుంచి విమానం ఎక్కే రోజు వరకు పిల్లలూ, వాళ్ల అమ్మలూ నన్ను అడిగేవి నాలుగైదు ప్రశ్నలే. "అన్నం దొరుకుతుందా మేడమ్?" "మావాడు గుడ్డు కూడా తినడు, ఎలా?" "ఇంటిల్లిపాదీ ఒకే నీళ్లలో స్నానం చేస్తారట, నిజమేనా?" "వాళ్లకు ఇంగ్లిష్ రాకపోతే ఏం మాట్లాడాలి?" బడి తరఫున పిల్లలను వెంటబెట్టుకుని మూడుసార్లు జపాన్ వెళ్లొచ్చాను. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. వారం నుంచి రెండు వారాల వరకు జపాన్ కుటుంబంతో ఉండబోయే 13 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం ఇది. ఏడాది పాటు చదవడానికి వెళ్లేవాళ్లకూ ఇంటి సంగతులన్నీ పనికొస్తాయి. వీసా మాత్రం వేరు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. నేను చూసిన ఇబ్బందుల్లో చాలావాటికి కారణం తిండి కాదు, భాష కాదు, మొహమాటం. అది మనకున్నట్టే వాళ్లకూ ఉంది. దాన్ని వాళ్లు ‘ఎన్ర్యో’ అంటారు. మీరు మొహమాటపడి అడగరు, వాళ్లు మొహమాటపడి చెప్పరు. ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు, ఇద్దరికీ లోపల టెన్షన్. కింద రాసిన ప్రతి మెట్టులోనూ నేను చెప్పేది ఒకటే: ముందే అడగండి, ముందే చెప్పండి.

కావలసినవి

- పాస్‌పోర్టు, వీసా, ఆతిథ్యమిచ్చే కుటుంబం చిరునామా, ఫోన్ నంబరు. ఇవి కాగితం మీద కూడా ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన చోటే చిరునామా అవసరమవుతుంది.
- జపనీస్‌లో రాయించుకున్న తిండి కార్డు (రెండో మెట్టులో చెబుతాను).
- రెండు చదును పిన్నులు పట్టే ప్లగ్ అడాప్టర్. మన గుండ్రటి పిన్నులు అక్కడి గోడలో దూరవు. అక్కడ కరెంటు 100 వోల్టులు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద ‘100–240’ అని ఉంటే చాలు. ఇక్కడి హెయిర్ డ్రయర్, కెటిల్ తీసుకెళ్లకండి. సరిగ్గా పని చేయవు.
- చిల్లుల్లేని సాక్సులు, రోజుకు ఒక జత. రోజులో పది సార్లు చెప్పులు విప్పుతారు.
- తేలిగ్గా విప్పి వేసుకోగల బూట్లు. గట్టిగా లేసులు కట్టేవి వద్దు. మీరు కూర్చుని ముడులు విప్పుతుంటే నలుగురు వెనకాల నిలబడాలి.
- చిన్న చేతి తువ్వాలు. బయట చాలా టాయిలెట్లలో చేతులు తుడుచుకోవడానికి ఏమీ ఉండదు.
- చెత్త వేసుకోవడానికి జేబులో ఒక ప్లాస్టిక్ సంచి. వీధుల్లో చెత్త డబ్బాలు కనబడడం అరుదు.
- కానుకలు, కుటుంబ ఫోటోలు పది పదిహేను, కొద్దిగా యెన్ల నగదు.

1. కాగితాల పని

తొంభై రోజుల లోపు పర్యటనకు స్వల్పకాలిక వీసా సరిపోతుంది. జపాన్ వైపు బడి గానీ సంస్థ గానీ పంపే ఆహ్వాన పత్రాలే దీనికి ఆధారం. అంతకు మించి చదవడానికి వెళ్తే అక్కడి ఇమిగ్రేషన్ ఇచ్చే అర్హత పత్రం ముందు రావాలి. దానికి నెలలు పడుతుంది. ఎలా వెళ్లాలని అడిగేవాళ్లకు: జపాన్ ప్రభుత్వం 2007 నుంచి నడుపుతున్న జెనెసిస్ అనే యువజన మార్పిడి కార్యక్రమంలో చాలాసార్లు హోమ్‌స్టే ఉంటుంది. 2014లో మొదలైన సకురా సైన్స్ ప్రధానంగా ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు చూపించే పర్యటన. అందులో ఇంటి బస ఉంటుందని ముందే అనుకోకండి. ఇవి కాక ఏఎఫ్ఎస్ లాంటి విద్యార్థి మార్పిడి సంస్థలు, బడికీ బడికీ మధ్య ఒప్పందాలు ఉన్నాయి.

పదహారేళ్లు నిండినవాళ్లకు విమానాశ్రయంలో వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. ఆ వయసు నుంచి పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. జిరాక్స్ చాలదు.

మందుల విషయంలో జాగ్రత్త. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటి ఉంటే జపాన్‌లోకి నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందులకూ కఠినమైన నియమాలున్నాయి. మన ఇళ్లలో అలమరాలో ఉండే జలుబు మాత్రల అట్ట తిప్పి చదవండి, అర్థం కాకపోతే డాక్టర్‌ను అడగండి. ఆస్తమా, మూర్ఛ లాంటివాటికి రోజూ వాడే మందులుంటే ప్రిస్క్రిప్షన్‌తో సహా, నెలకు మించకుండా, అసలు అట్టల్లోనే తీసుకెళ్లండి. విడిగా డబ్బాలో పోసుకుని వెళ్లకండి.

2. తిండి సంగతి ముందే, వివరంగా రాసి పంపండి

దరఖాస్తులో ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాసి వదిలేయడం అందరూ చేసే తప్పు. జపాన్‌లో మాంసాన్ని ‘నికు’ అంటారు. "నికు తినను" అంటే చేపలు తింటారనే చాలామందికి అర్థం. చేపలు ‘సకానా’, అది వేరే మాట. ఆ పైన ‘దాషి’ ఉంది. మన ఇంట్లో చింతపండు పులుసు ఎలాగో, వాళ్ల వంటకు దాషి అలాగ. ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాచిన నీళ్లు. మిసో అనే సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లో ఉంటుంది, ఉడికించిన కూరగాయల్లో ఉంటుంది, నూడుల్స్ పులుసులో ఉంటుంది. ముక్క కనబడదు కాబట్టి ఆ ఇల్లాలికి అది చేప అని తట్టదు కూడా. అంగట్లో దొరికే కూర ముద్దల్లో, అంటే వాళ్ల ‘కరే’ చేసే ముద్దల్లో, చాలావాటిలో గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది. "మన పిల్ల కదా, కూర అన్నం పెడదాం" అని ప్రేమగా వండేది అదే.

అందుకే కార్డులో ఏది తింటారో, ఏది తినరో ఒక్కొక్కటిగా రాయించుకోండి: మాంసం, గొడ్డు మాంసం (గ్యూనికు), పంది మాంసం (బుతానికు), కోడి (తోరినికు), చేపలు, చేప దాషి, గుడ్డు (తమాగో), జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది). తినేవి కూడా రాయాలి. ఇది చాలామంది మర్చిపోతారు. ‘పాలు, పెరుగు, టోఫు, అన్నం, కూరగాయలు, పండ్లు, బ్రెడ్, నూడుల్స్ ఇష్టం’ అని రాస్తే వాళ్ల గుండె కుదుటపడుతుంది. సముద్రపు నాచు ‘కొంబు’తోనే దాషి చేయవచ్చు. ‘కొంబు దాషి అయితే తింటాను’ అని రాస్తే సగం సమస్య తీరినట్టే.

సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం ఎలా? కార్డు రాసినవాళ్లు కాకుండా జపనీస్ వచ్చిన మరొకరికి ఇచ్చి, "ఈ పిల్లకు మిసో సూప్ పెట్టొచ్చా?" అని అడగండి. వాళ్లు కొంబు గురించి చెబితే కార్డు బాగుంది. "పెట్టొచ్చు" అని ఊరుకుంటే మళ్లీ రాయించాలి.

పెద్దవాళ్లకు ఒక మాట. మతం వల్లో ఇంటి ఆచారం వల్లో తినకూడనిది ఏదో, ఊరికే ఇష్టం లేనిది ఏదో పిల్లలతో కూర్చుని విడగొట్టండి. రెండూ కలిపి పొడుగు జాబితా పంపితే ఆ కుటుంబం వణికిపోతుంది. బెండకాయ ఇష్టం లేదని రాయనక్కర్లేదు.

3. పెట్టెలో ఏం పెట్టకూడదు

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టకండి. ఇంటిదైనా, దుకాణంలో ప్యాక్ చేయించినదైనా మాంసం కలిసిన పదార్థాలేవీ జపాన్‌లోకి రానివ్వరు. విమానాశ్రయంలో కుక్కలు వాసన పసిగడతాయి. పారేయడంతో అయిపోదు, భారీ జరిమానా, కేసు దాకా వెళ్లవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడి పండ్లు, పచ్చిమిరపకాయలు కూడా వద్దు. మొక్కల క్వారంటైన్ సర్టిఫికెట్ లేనిదే తాజా పండ్లు, కూరగాయలు, ఆకులు తీసుకెళ్లకూడదు. రైలు పెట్టెలో వేసుకున్నట్టు అమ్మ చివరి నిమిషంలో ఒక రెమ్మ కరివేపాకు పెడుతుంది, చూసుకోండి.

తీసుకెళ్లగలిగినవి: సీల్ వేసిన పొడులు (కందిపొడి, నువ్వుల పొడి), పసుపు, ఆవాలు, ఎండుమిర్చి ప్యాకెట్లు, వేయించిన పల్లీలు, కొద్దిగా ఆవకాయ. కస్టమ్స్ ఫారంలో తిండి పదార్థాలు ఉన్నాయనే రాయండి. అనుమానం ఉన్నది కౌంటర్‌లో మీరే తీసి చూపించండి. చూపించినదాన్ని తీసుకుంటే తీసుకుంటారు, దాచినదానికే శిక్ష. ఆవకాయ సీసా మూతకు టేపు వేసి, రెండు కవర్లలో కట్టి, బట్టలకు దూరంగా పెట్టండి. నూనె కారి యూనిఫాం తడిసిన పెట్టెను నేను విప్పాను. ఆ వాసన పదో రోజుకీ పోలేదు.

పది రోజులకు పది కిలోల తిండి వద్దు. రెండు చిన్న పొడి ప్యాకెట్లు, ఒక చిన్న పచ్చడి చాలు.

4. కానుక ఎంచుకోవడం

ఖరీదైనది వద్దు. ఖరీదైన కానుక ఇస్తే అంతకు తగ్గది తిరిగి ఇవ్వాలని వాళ్లు ఇబ్బంది పడతారు. ఎక్కడిది, ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు అని మీరు చెప్పగలిగే వస్తువు ఇవ్వండి. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మ, అంకుడు కర్రకు లక్క పూసే ఏటికొప్పాక బొమ్మ చక్కగా పనికొస్తాయి. నా ఓటు మాత్రం పోచంపల్లి ఇక్కత్ గుడ్డకు. నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేసే ఈ పద్ధతి జపాన్‌లోనూ ఉంది, దాన్ని ‘కసూరి’ అంటారు. ఒక ఇంట్లో మా బడి అమ్మాయి ఒకత్తె ఇక్కత్ టేబుల్ గుడ్డ ఇస్తే, ఆ ఇంటి నాయనమ్మ వేలితో అంచు మీద రాసి చూసి, లోపలికెళ్లి తన పాత నీలం కసూరి గుడ్డ తెచ్చి పక్కన పరిచింది. రెండింటిలోనూ పువ్వు అంచులు ఒకేలా చెదిరి ఉన్నాయి. ఆ సాయంత్రం మాటలు రాకపోయినా వాళ్లిద్దరూ గంటసేపు కూర్చున్నారు.

తినేదైతే పూతరేకులు. బియ్యంతో చేసినదంటే వాళ్లకు ఆసక్తి పుడుతుంది. కానీ నలిగిపోతాయి, గట్టి డబ్బాలో, చేతి సంచిలో పెట్టాలి.

నాలుగు వస్తువుల సెట్ ఇవ్వకండి. నాలుగును ‘షి’ అంటారు, చావుకూ అదే ఉచ్చారణ. రెండు చేతులతో ఇవ్వండి. మీ ముందు విప్పకపోతే నచ్చలేదని అనుకోకండి, అది వాళ్ల మర్యాద.

5. పన్నెండు మాటలు నేర్చుకోండి

తెలుగు వాళ్లకు జపనీస్ మరీ కొత్తగా ఉండదు. వాక్యం చివర్లోనే క్రియ వస్తుంది, ‘ని, కు, లో’ లాగా పదం వెనకాల ముక్కలు తగులుతాయి, మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి. ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో తిప్పకుండా నేరుగా తెలుగు నుంచి వెళ్లండి, త్వరగా వస్తుంది.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ‘ఇత్తెకిమాసు’ అనాలి. మాటకు మాట దాని అర్థం ‘వెళ్లొస్తాను’. మనం కూడా గడప దగ్గర ‘వెళ్తాను’ అనం కదా, అదే. లోపలి నుంచి వాళ్లు ‘ఇత్తెరష్షాయ్’ అంటారు, ‘వెళ్లిరా’ అని. తిరిగొచ్చి ‘తదాయిమా’ అంటే ‘ఒకాఎరి’ అని జవాబు వస్తుంది. తినే ముందు ‘ఇతదాకిమాసు’, తిన్నాక ‘గొచిసోసమా దెషిత’. మొదటి రోజు పరిచయానికి ‘హజిమెమాషితె’, చివర్లో ‘యోరోషికు ఒనెగాయ్ షిమాసు’. పిలవడానికీ క్షమించమనడానికీ ‘సుమిమాసెన్’, కృతజ్ఞతకు ‘అరిగాతో గొజాయిమాసు’. సాయం చేస్తాననడానికి ‘తెత్సుదాయిమాసు’. కడుపు నొప్పికి ‘ఒనకా గా ఇతాయ్’.

ఆ ఇంటి అమ్మను ‘ఒకాసాన్’, నాన్నను ‘ఒతోసాన్’ అని పిలవవచ్చా అని మొదటి రోజే అడగండి. చాలా ఇళ్లలో సంతోషిస్తారు. ‘సాన్’ మన ‘గారు’ లాంటిది. మీ పేరుకు మీరే తగిలించుకోకూడదు.

సరిచూసుకోవడానికి: ఈ మాటలు చదవగలిగితే చాలదు. ఇంట్లో వారం రోజులు తెలుగు బదులు ఇవే అనండి. చెప్పులు వేసుకోగానే నోట్లోంచి ‘ఇత్తెకిమాసు’ వచ్చేస్తే నేర్చుకున్నట్టు.

6. మొదటి గంట: గడప దగ్గర నుంచి

తలుపు తెరవగానే కింద ఒక పల్లం ఉంటుంది, దాన్ని ‘గెంకాన్’ అంటారు. బూట్లు అక్కడే విప్పి, సాక్సులు ఆ పల్లం నేలకు ఆనకుండా నేరుగా పై మెట్టు మీదికి ఎక్కాలి. తర్వాత వంగి, బూట్ల ముందు భాగం తలుపు వైపు ఉండేలా తిప్పి, ఒక పక్కకు పెట్టండి. మన ఇళ్లలోనూ చెప్పులు బయటే విప్పుతాం కాబట్టి ఇది సులువనుకుంటారు. పొరపాటు తర్వాత వస్తుంది. లోపల ఇచ్చే స్లిప్పర్లతో చాప గదిలోకి, అంటే ‘తతామి’ మీదికి, వెళ్లకూడదు. టాయిలెట్‌లో వేరే స్లిప్పర్లు ఉంటాయి. వాటితోనే హాల్లోకి వచ్చేయడం మా ప్రతి బ్యాచ్‌లోనూ జరిగింది. ఎవరూ తిట్టరు. గుర్తురాగానే వెనక్కి వెళ్లి మార్చుకోండి.

కాళ్లకు దండం పెట్టబోకండి, వాళ్లు కంగారు పడతారు. కౌగిలింతలూ వద్దు. తల వంచి పలకరించండి. నమస్కారం పెట్టినా బాగుంటుంది.

పెట్టె చక్రాలు తుడవకుండా లోపల దొర్లించకండి. తర్వాత ఆ కుటుంబంతో కూర్చుని ఈ ఐదు అడగండి: ఉదయం ఎన్నింటికి లేవాలి? స్నానం ఎప్పుడు, ఎవరి తర్వాత? బట్టలు ఎక్కడ వేయాలి? వైఫై పాస్‌వర్డ్ ఏమిటి? సాయంత్రం ఎన్నింటిలోపు ఇంటికి రావాలి? ఫోన్‌లో అనువాద యాప్ ఉంటే చాలు. తెలుగు కంటే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు పెడితే అనువాదం శుభ్రంగా వస్తుంది.

7. స్నానం

అవును, అందరూ ఒకే తొట్టి నీళ్లు వాడతారు. కానీ ఒళ్లు రుద్దుకునేది తొట్టిలో కాదు, బయట. ఇది అర్థమైతే భయం పోతుంది.

అ) గదిలో చిన్న పీట, షవర్, చెంబు లాంటి గిన్నె ఉంటాయి. పీట మీద కూర్చుని సబ్బు, షాంపూతో పూర్తిగా స్నానం చేయండి. నురగ మిగలకుండా కడుక్కోండి. మన బకెట్ స్నానమే అనుకోండి.

ఆ) జుట్టు పైకి ముడి వేసుకుని, శుభ్రమైన ఒంటితో తొట్టిలో కూర్చోండి. నీళ్లు 40 డిగ్రీల పైన ఉంటాయి. తల తిరిగినట్టుంటే వెంటనే బయటికి రండి. పది నిమిషాలు చాలు.

ఇ) తువ్వాలు నీళ్లలో ముంచకండి. సబ్బు లోపలికి తీసుకెళ్లకండి.

ఈ) లేచాక నీళ్లు వదిలేయకండి! అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. మా అబ్బాయి ఒకడు ‘వాడిన నీళ్లు వదిలేయడం మర్యాద’ అనుకుని అడుగున బిరడా లాగేశాడు. వాడి తర్వాత ఇంకా ముగ్గురున్నారు. ఆ ఇంటాయన ఏమీ అనకుండా మళ్లీ తొట్టి నింపుకుని రాత్రి పదకొండున్నరకు స్నానం చేశాడు. మరునాడు వాడికి తెలిసి ఏడ్చినంత పని చేశాడు. కొన్ని ఇళ్లలో ఆ నీళ్లే మరునాడు బట్టలు ఉతకడానికి వాడతారు. మూత వేసి వచ్చేయండి.

తొట్టి వద్దనుకుంటే షవర్ చాలని చెప్పవచ్చు, తప్పేమీ కాదు. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు షవర్ మాత్రమే చేస్తే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. ప్యాడ్లు టాయిలెట్‌లో ఉండే చిన్న మూత డబ్బాలో వేయాలి. డబ్బా లేకపోతే ఒకాసాన్‌ను అడగండి. టాయిలెట్ పేపర్ మాత్రం లోపలే వేసి ఫ్లష్ చేస్తారు.

తలకు కొబ్బరి నూనె రాసుకునేవాళ్లు ఈ పది రోజులు మానేయండి. దిండు మీద మరక పడుతుంది, తొట్టి నీళ్ల మీద తెట్టు కడుతుంది.

సరిచూసుకోవడం: బయటికి వచ్చే ముందు వెనక్కి తిరిగి నాలుగు చూడండి. కాలువ జాలీలో జుట్టు లేదు, పీట కడిగి ఉంది, నేల మీద నురగ లేదు, తొట్టికి మూత ఉంది.

8. భోజనాల దగ్గర

ఎడమ చేతితో గిన్నె పట్టుకోవాలి. చిన్నప్పటి నుంచి ఎడమ చెయ్యి కంచం దగ్గరికి రాకూడదని పెరిగిన మనకు ఇది కష్టం. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కంచం మీదికి వంగి తింటే అక్కడ చూడడానికి బాగుండదు. అన్నం గిన్నెను ఎడమ చేతిలోకి తీసుకుని ఎత్తి తినండి.

చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి, మీ పుల్లతో ఇంకొకరి పుల్లకు ముక్క అందించకండి. రెండూ అంత్యక్రియల్లో చేసే పనులు. రాకపోతే చెంచా అడగండి, ఇస్తారు. అన్నంలో పులుసు కలిపి పిసకకండి. అన్నం వేరుగా, కూర వేరుగా తింటారు.

ఇప్పుడు ఈ మెట్టులో ముఖ్యమైనది. మన ఇళ్లలో "ఇంకొంచెం వేసుకోమ్మా" అని మూడుసార్లు అడుగుతారు, రెండుసార్లు "వద్దండి, చాలు" అని మూడోసారి వేయించుకుంటాం. అక్కడ ఒక్కసారి అడుగుతారు. వద్దంటే వద్దనే వాళ్లకు అర్థం. మొదటి ప్రయాణంలో మా అమ్మాయి ఒకత్తె రెండు రాత్రులు ఆకలితో పడుకుంది. అవతల ఆ ఇల్లాలు తన వంట పిల్లకు నచ్చలేదని కుమిలిపోయింది. మూడో రోజు ఇద్దరూ నా దగ్గర విడివిడిగా చెప్పుకున్నారు. కావాలంటే మొదటిసారే ‘హై, ఒనెగాయ్ షిమాసు’ అనండి. మీరే అడగాలనిపిస్తే ‘ఒకావరి’ అనండి. మారు వడ్డించుకోవడమని అర్థం. వండినవాళ్లకు అంతకంటే ఆనందం లేదు. చాలనుకుంటే ‘ఒనకా ఇప్పాయ్ దెసు’, కడుపు నిండింది. ‘దైజోబు’ అన్న మాట జాగ్రత్త. అది ‘పర్లేదు, కావాలి’ అనీ ‘పర్లేదు, వద్దు’ అనీ రెండు విధాలా వినబడుతుంది. అలాగే వాళ్లు ‘చొత్తో...’ అని సాగదీసి ఆపేస్తే దానర్థం ‘కుదరదు’. మళ్లీ అడగకండి.

వడ్డించింది మిగల్చకూడదు కాబట్టి, తెలియని వంటకం ముందు కొంచెమే వేయించుకోండి. ఆకలి తీరకపోతే ఇంట్లో చేసిన ‘ఉమెబోషి’ అన్నపు ముద్ద అడగండి. ఉప్పులో ఊరిన పుల్లటి కాయ అది. ఊరగాయ నాలుక ఉన్నవాళ్లెవరికైనా నచ్చుతుంది. ఉత్త పెరుగు కూడా దొరుకుతుంది, తీపిది కాకుండా ‘ప్లెయిన్’ అని అడగాలి.

9. మీరు ఒక పూట వండండి

తప్పకుండా అడుగుతారు. బిర్యానీ జోలికి పోకండి. నిమ్మకాయ పులిహోర చేయండి. అక్కడి బియ్యం జిగురుగా ఉంటుంది కాబట్టి మామూలు కొలతతో వండితే ముద్దయిపోతుంది. కప్పు బియ్యానికి కప్పు నీళ్లకు మించకుండా పెట్టి, ఉడకగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి, చెంచా నూనె చల్లి పూర్తిగా ఆరనివ్వండి. తాలింపు సన్నటి సెగ మీద, ఫ్యాన్ వేసి, ఎండుమిర్చి చివర్లో వేయండి. మాడితే ఆ మూసిన వంటింట్లో ఇంటిల్లిపాదీ దగ్గుతారు. కారం సగానికి సగం తగ్గించండి. పొయ్యి ఇండక్షన్ రకమైతే మీరు తెచ్చిన అల్యూమినియం గిన్నె పని చేయదు, వాళ్ల గిన్నెలే వాడండి. పసుపు చేతులతో తెల్ల గోడ, గుడ్డ ముట్టకండి. పసుపును వాళ్లు ‘ఉకోన్’ అంటారు.

బాగా వచ్చిందో లేదో తెలిసేది ఇలా: ఆరిన అన్నం పళ్లెం వంచితే గింజలు విడివిడిగా జారాలి. ముద్దగా కదిలితే ఇంకో పావుగంట ఆరనివ్వండి.

10. రోజువారీ సంగతులు

రైల్లో ఫోన్ మాట్లాడకండి. చెత్తను కాలేది, కాలనిది, ప్లాస్టిక్, సీసాలు అని వేరు చేస్తారు. నీళ్ల సీసాకు మూత తీసి, పైకాగితం ఊడదీసి, కడిగి వేయాలి. ఊరూరికీ పద్ధతి మారుతుంది కాబట్టి ప్రతి డబ్బా ముందు అడగండి. పరుపు నేల మీద పరిచే ‘ఫుతోన్’ అయితే ఉదయాన్నే మడిచి అలమరాలో పెట్టాలి. బడిలో లోపలి బూట్లు వేరు, తరగతి గది పిల్లలే ఊడుస్తారు. మీరూ గుడ్డ పట్టుకోండి. కుళాయి నీళ్లు తాగవచ్చు. టిప్పు ఎక్కడా ఇవ్వకండి. గదిలో దీపం, అగరొత్తి వెలిగించాలంటే ముందు అడగండి.

భూకంపం వస్తే ఫోన్లన్నీ ఒక్కసారి గట్టిగా మోగుతాయి. బయటికి పరుగెత్తకండి, బల్ల కిందికి దూరి తల కాపాడుకోండి, ఇంటివాళ్లు ఏం చేస్తే అది చేయండి. పోలీసులకు 110, అంబులెన్స్‌కూ ఫైర్‌కూ 119.

అమ్మానాన్నలకు: జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు తీరిగ్గా ఫోన్ చేస్తే అక్కడ ఒంటిగంట, పలచటి గోడల వెనక ఇంటివాళ్లు నిద్రపోతుంటారు. సాయంత్రం నాలుగున్నరకు చేస్తే అక్కడ ఎనిమిది. రోజూ వద్దు. మొదటి మూడు రోజులు పిల్లలు దిగులుగా మాట్లాడతారు, నాలుగో రోజుకి సర్దుకుంటారు. నిజంగా తేడా అనిపిస్తే కుటుంబానికి కాదు, వెంట వెళ్లిన టీచర్‌కు గానీ సంస్థవారికి గానీ ఫోన్ చేయండి. పిల్లలూ, మీకు ఎవరి ప్రవర్తన అయినా భయం కలిగిస్తే మర్యాద గురించి ఆలోచించకుండా వెంటనే టీచర్‌కు చెప్పండి. ఇల్లు మార్చడం మామూలే.

అంతా సవ్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. మొదట్లో మిమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ చేస్తారు. ఐదో రోజుకల్లా "ఈ గిన్నెలు తుడువు", "కుక్కను తిప్పుకురా" అని పని చెప్పడం మొదలుపెడితే మీరు ఇంటి మనిషి అయినట్టు. ఇంకా చెప్పడం లేదంటే మీరే లేచి ‘తెత్సుదాయిమాసు’ అనండి.

11. బయలుదేరే రోజు

దుప్పటి, దిండు గలీబులు తీసి మడిచి పెట్టండి. చెత్తబుట్ట ఖాళీ చేయండి. మంచం కింద, ప్లగ్గుల దగ్గర, బాల్కనీలో బట్టల తీగ మీద చూసుకోండి. చార్జర్లూ సాక్సులూ అక్కడే దొరుకుతాయి. ముందు రోజు రాత్రే ఒక ఉత్తరం రాసి ఉంచండి. ‘చాలా థాంక్స్’ అని కాదు, ఫలానా రోజు ఒకాసాన్ బెంతో (మధ్యాహ్న భోజనం) డబ్బాలో ఏం పెట్టిందో, ఒతోసాన్ ఎక్కడికి తీసుకెళ్లాడో రాయండి. తెలుగులో రాసి కింద జపనీస్ అనువాదం అంటించినా సరే, మీ చేతిరాత వాళ్లు దాచుకుంటారు.

ఇంటికొచ్చిన వారంలోపు చేరామని సందేశం పంపండి. డిసెంబర్‌లో కొత్త సంవత్సరం కార్డు పోస్ట్ చేయండి. జనవరి మొదటి రోజుల్లో కార్డుల కోసం వాళ్లు ఎదురుచూస్తారు. దానికి చిరునామా జపనీస్ లిపిలో ఉంటే త్వరగా చేరుతుంది. అందుకే బయలుదేరే ముందు వాళ్ల ఇంటికి వచ్చిన ఏదో ఒక కవరు మీది చిరునామాను, వాళ్లను అడిగి, ఫోటో తీసుకోండి. ఇక్కడ దాన్నే ప్రింట్ తీసి అంటించి, కింద దేశం పేరు ఇంగ్లిష్‌లో రాస్తే సరిపోతుంది.